నల్లగొండ, పాలమూరు జిల్లాల వాడుకలో ఆంగ్లపదములు: వ్రాత, అనువాదము

ఒకే ఆంగ్లపదము తెలుగున రెండు రూపములతో నిలిచియుండుట భాషాపరిశీలకులకు క్రొత్త విషయము కాదు. నీరు త్రాగు పాత్రను కోస్తా జిల్లాలవారు 'గ్లాసు' అందురు; నల్లగొండ, పాలమూరు పల్లెలలో 'గిలాస' అందురు. మొదటిది ఆంగ్లమునుండి నేరుగా వచ్చినది. రెండవది ఉర్దూ వారి 'గిలాస్' మీదుగా వచ్చినది. మూలమొక్కటియే, త్రోవలు రెండు. అయినను బడిపిల్లవాడు 'గిలాస' అని వ్రాసినచో ఉపాధ్యాయుడు దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి 'గ్లాసు' అని దిద్దును. 'గ్లాసు' తెలుగు, 'గిలాస' తప్పు అని బాలుడు గ్రహించును. నిజమునకు రెండును అన్యదేశ్యములే, రెండును తెలుగు నోట నలిగినవే. ఈ దిద్దుబాటునకు భాషాశాస్త్రమున ఆధారమేమైన కలదా అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ముందుగా ఎల్లలు. నల్లగొండ, పాలమూరు అని మేమిచట వ్యవహరించుచున్నది 2016కు పూర్వపు ఉమ్మడి జిల్లాలను. ఆ సంవత్సరము నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును, మహబూబునగరమునుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలును, 2019లో నారాయణపేటయు వేరుపడినవి. మాటలు ఈ క్రొత్త ఎల్లలను ఎరుగవు గనుక పాతపేర్లే మాకు సౌకర్యము.

1948 వరకు ఈ ప్రాంతము హైదరాబాదు సంస్థానమున అంతర్భాగము. 19వ శతాబ్ది చివరి భాగమునుండి ఆ సంస్థానమున పరిపాలనభాష ఉర్దూ. 1917లో ఏర్పడిన అనువాదశాఖ పాశ్చాత్యశాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరు రైతు ఆంగ్లపదమును దొరతనమువారి కచేరిలో వినెను. ఈవలి ఒడ్డున మిర్యాలగూడ రైతు దానినే ఉర్దూ చదివిన గుమాస్తా నోట వినెను. నది యొకటియే అయినను ఆ రెండు ఒడ్డులనడుమ పదముల రాకకు రెండు వేర్వేరు రేవులున్నవి.

కొన్నియెడల ఆంగ్లపదము అసలే రాలేదు. దొరతనపు జిల్లాలలో కలెక్టరుండగా సంస్థానమున అవ్వల్ తాలూకుదారు ఉండెను. అచట సబ్ ఇన్‌స్పెక్టరు, ఇచట అమీను. అచట రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, ఇచట గిర్దావరు. అచట సాగులెక్కల పుస్తకము అడంగలు, ఇచట పహాణి. వీనిలో అవ్వల్ తాలూకుదారు మాట చరిత్రలో కలసిపోయినది. అమీను పెద్దల జ్ఞాపకములలోను, పాత కథలలోను మాత్రమే కలడు. గిర్దావరు, పహాణి మాత్రము నేటికిని రైతుల నోట బ్రదికియున్నవి. అయితే ఉర్దూ, పారసీకపదములు తెలంగాణము సొత్తేయని తలచుట పొరపాటు. జిల్లా, అర్జీ, దరఖాస్తు, తహసీల్దారు అను మాటలు తెలుగునాడంతటను కలవు. సి. పి. బ్రౌను 1854లో తెలుగున వాడబడు అన్యదేశ్యములకై ప్రత్యేక నిఘంటువునే ప్రకటింపవలసి వచ్చినదన్నచో, కంపెనీ వారి జిల్లాలలోను వీని సంఖ్య ఎంతటిదో ఊహింపవచ్చును. రెండు ప్రాంతముల భేదము ఉర్దూపదములు కలవా లేవా అనుటలో లేదు. ఆంగ్లపదమునకు ఉర్దూ మధ్యవర్తి అయినదా కాదా అనుటలో కలదు.

1956లో రెండు ప్రాంతములు ఒకే రాష్ట్రమైన తరువాత ఉద్యోగుల పేర్లు ఏకరూపము నొందసాగినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. తహసీల్దారు స్థానమున 'మండల రెవిన్యూ అధికారి' వెలసెను. ఈ దీర్ఘసమాసమును పలికిన రైతును మేమెరుగము. జనులు దాని ఆంగ్లరూపపు మొదటి అక్షరములను గ్రహించి 'ఎమ్మార్వో' అనిరి. ఈ పదనిర్మాణము వ్యాకరణవేత్తలు ఒక క్షణము ఆగి చూడదగినది. 'ఎమ్' మీద 'ఆర్' చేరగా మకారము ద్విత్వమైనది. 'ఆర్' మీద 'ఓ' చేరగా నడుమ వకారము వచ్చినది. 'ఎమ్మెల్యే' అను మాటలోను అంతియే: మకారద్వితము, పిదప ఏకారమునకు ముందు యకారము. 'ఎస్సై' అనుటలో సకారద్విత్వము. ఆంగ్లాక్షరముల పేర్లను తెలుగు తన సంధి మర్యాదలతోనే కూర్చుకొన్నది. ఈ సంధులను ఎవ్వరును విధింపలేదు, ఏ అకాడమీయు నిర్ణయింపలేదు. అయినను నల్లగొండనుండి శ్రీకాకుళము వరకు వ్రాత ఒక్కటే. తరువాత ప్రభుత్వము తహసీల్దారు అను పాతపేరునే పునరుద్ధరించినను 'ఎమ్మార్వో' పల్లెలను విడువలేదు.

ఇక వ్రాత సంగతి. తెలుగుపదము అచ్చుతో ముగియవలెనని మన భాష కోరును. హల్లుతో ముగియు ఆంగ్లపదమునకు ఉకారము చేరును. ఆ హల్లునకు ముందు హ్రస్వాచ్చున్నచో హల్లు ద్విత్వమగును: బస్సు, కప్పు, బిల్లు, పెన్ను. దీర్ఘమున్నచో ద్విత్వము రాదు: కారు, గేటు, రైలు, స్కూలు, బోరు. 'రోడ్డు' ఈ మర్యాదకు లొంగని మొండిపదము; ఓకారము దీర్ఘమైయుండియు డకారము ద్విత్వమైనది. చకార జకారములతో ముగియు పదములకు ఉకారము కాక ఈకారము వచ్చును: పేజీ, కాలేజీ, బెంచీ, గ్యారేజీ. తాలవ్యమైన హల్లునకు తాలవ్యమైన అచ్చే తోడగుట ఉచ్చారణధర్మము. పరభాషాపదము తెలుగింట స్థిరపడినదా లేదా అను సందేహము కలిగినచో బహువచనము చేసి చూడవలెను. కాలు కాళ్ళయినట్లు రైలు రైళ్ళయినది, స్కూలు స్కూళ్ళయినది. రోడ్డు రోడ్లయినది, టికెట్టు టికెట్లయినది. దేశ్యపదములకు జరిగిన మార్పే వీనికిని జరిగినది. ఇంతకంటె పౌరసత్వపత్రమేమి కావలెను?

క్రియలయెడ తెలుగు కొంత జాగ్రత్త చూపినది. ఉర్దూధాతువులను మనవారు బనాయించు, చలాయించు, దబాయించు అని తెలుగు ప్రత్యయముతోనే వాడుకొనిరి. ఆంగ్లక్రియలకు ఈ చనువు సామాన్యముగా దొరకలేదు. 'పాసు', 'ఫెయిలు' వంటివి నామములుగానే నిలిచి 'చేయు', 'అగు' అను క్రియల చేయూతతో నడచుచున్నవి. నల్లగొండలో 'పాసయిండు' అనినను, గుంటూరులో 'పాసయ్యాడు' అనినను భేదము తెలుగు క్రియలోనిదే గాని ఆంగ్లపదము లోనిది కాదు.

ఉర్దూ మీదుగా వచ్చిన పదములు పై సూత్రములకు పూర్తిగా లొంగక వేరు గుర్తులతో కనబడును. 'గిలాస'లో రెండు హల్లుల నడుమ ఇకారము చేరినది. 'ఆఫీసరు'నకు బదులు పెద్దలనోట వినబడు 'అప్సరు' ఉర్దూ 'అఫ్సర్'. ఆంగ్లపదమే, కిరీటమను అర్థముగల పారసీకపు 'అఫ్సర్' పోలికలో ఒదిగి ఈ రూపము దాల్చినదని పండితులందురు. ఆంగ్లపు 'లాంటర్న్' కోస్తాలో 'లాంతరు', ఉర్దూలో 'లాల్టేన్'. పాలమూరు పల్లె ఈ రెంటిని కాదని 'కందీలు' అన్నది. కందీలు అరబ్బీపదము, కాని దాని వెనుకకు నడచినచో లాటిను 'కండేలా' చేరుదుము. ఆంగ్లపు 'కాండిల్'నకు మూలమును అదియే. ఆంగ్లపదమును వలదని తెచ్చుకొన్న మాట ఆంగ్లపదమునకు దాయాది యగుట చిత్రమే! మార్గము విషయమున మూడు పొరలును ఒక్కచోటనే కలవు: కాలినడకది 'తొవ్వ', సర్కారు వేసినది 'సడక్', తారు పరచినది 'రోడ్డు'. ఈ మూటికి నిఘంటువులు ఒకే అర్థము వ్రాయవచ్చును గాని పల్లెవాసి ఒకదానిచోట మరియొకటి వాడడు.

'ఇస్కూలు' విషయమున మాత్రము తొందరపడి తీర్మానింపరాదు. ఉర్దూలో 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అను ఉచ్చారణ కలదు గనుక నల్లగొండ 'ఇస్కూలు' దానినుండియే పుట్టినదని కొందరందురు. కాని కోస్తా పల్లెలలోను ఇస్కూలు వినబడుచునే యున్నది. పదాదిని సకారసంయుక్తమును పలుకుటకు కష్టపడు నోరు ఎచ్చటనైనను ముందొక అచ్చును ఊతగా పట్టుకొనును. స్పానిషు భాష దీనికి చక్కని నిదర్శనము. ఆ భాష మాటలాడువారు ఇట్టి సంయుక్తమునకు ముందు ఎకారమును చేర్తురు; అంతటితో ఆగక దానిని వ్రాతలోనికి ఎక్కింతురు. ఆంగ్లపు 'స్ట్రెస్' వారి నిఘంటువున 'ఎస్త్రేస్'. 'స్నాబ్' వారికి 'ఎస్నోబ్'. 'స్కానర్' వారికి 'ఎస్కానెర్'. అచట ఈ ఎకారము అజ్ఞానచిహ్నము కాదు, నిఘంటువు ఆమోదించిన రూపము. మన యిస్కూలు మాత్రము పామరుల మాటగానే మిగిలినది. అట్లని స్పెయిను అకాడమీ మాట ప్రతిసారియు చెల్లినదనియు కాదు. 'విస్కీ'ని తమ వర్ణక్రమమున 'గుయిస్కి' అని వ్రాయుడని నిఘంటువున చేర్చినను, జనులు సీసామీద ఆంగ్లమున ఎట్లున్నదో అట్లే వ్రాసికొనుచున్నారు. నోటి అలవాటును అనుసరించిన వర్ణక్రమము నిలిచినది. కంటి అలవాటును ఎదిరించినది నిలువలేదు.

మనకును కంటికి చెవికి నడుమ ఇట్టి తగవు కలదు. ఆంగ్లపు 'బ్యాంకు' నందలి అచ్చునకు తెలుగు వర్ణమాలలో ప్రత్యేకలిపి లేదు. కావున బాంకు, బేంకు, బ్యాంకు అని మూడు వ్రాతలు పుట్టినవి. ఆ ధ్వని మనకు లేకపోలేదు. 'చెప్పాడు' అని వ్రాసి కోస్తావారు పలుకునపుడు వినవచ్చు అచ్చు దీనికి దగ్గరిదే. కాని నల్లగొండ, పాలమూరు వాడుకలో ఆ క్రియ 'చెప్పిండు'. కావున ఆ పోలిక ఇచటి విద్యార్థికి పనికిరాదు. అతనికి పోలిక వేరొకచోట కలదు: మేకను అతడు 'మ్యాక' అనును. ఆ యకారయుక్తమైన ఆకారము పరిచితమైనవానికి 'బ్యాంకు' అను వ్రాతను వివరించి చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతపు ఉపాధ్యాయుడు 'మ్యాక'ను తప్పుగా కొట్టివేసి, మరుక్షణమున 'బ్యాంకు'ను ఒప్పుగా నేర్పుట చూచినపుడు మాకు నవ్వు వచ్చును. ఒకే లిపిసంకేతము ఆంగ్లపదమున శిష్టము, తెలుగుపదమున గ్రామ్యము అగుట యెట్లు?

వ్రాతకంటె అనువాదమున చిక్కులెక్కువ. వైద్యము చేయు చోటునకు మన పాఠ్యపుస్తకములలో 'ఆసుపత్రి' అని యుండును. తెలంగాణపు బాలుడు 'దవాఖాన' అనును. చాలమంది ఉపాధ్యాయులు మొదటిది తెలుగనియు రెండవది తురకమాట యనియు భావింతురు. పరీక్షించి చూచినచో ఆసుపత్రి ఐరోపీయమైన 'హాస్పిటల్' యొక్క వికృతియే. ధ్వనులు తెలుగు పోలికలోనికి ఒదిగినవి గాని అర్థము అనువదింపబడలేదు. దవాఖాన యందు మందు అను అర్థముగల 'దవా'యు, ఇల్లు అను అర్థముగల 'ఖానా'యు కలవు; అనగా అది మందులయిల్లు. మొదటిది దిగుమతి, రెండవది అనువాదము. దేశ్యమని పూజింపబడునది పరాయిది. పరాయిదని త్రోసివేయబడునది కనీసము అర్థవంతమైన కూర్పు. 2018లో హైదరాబాదున ప్రభుత్వము 'బస్తీ దవాఖాన'లను తెరచినపుడు ఈ మాట మరల సర్కారు బోర్డునకు ఎక్కినది. బోర్డునకు ఎక్కిన పిదప దానిని జవాబుపత్రమున తప్పనుట ఉపాధ్యాయులకు కొంత కష్టమైయుండును.

పదములకంటె పదబంధముల అనువాదము మరింత గమనింపదగినది. బస్సులు, కచేరీలు, చలనచిత్రశాలల గోడలపై నున్న చిన్న బోర్డులను సాహిత్యవిద్యార్థులు చదువరు; కాని గత నూరేండ్ల అనువాదచరిత్ర వానిలోనే యున్నది. నిజాము ప్రభుత్వ రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినపుడు నల్లగొండ జిల్లాలోని నార్కట్‌పల్లి తొలి డిపోలలో ఒకటి. నేటి బస్సులో కనబడు 'పొగ త్రాగరాదు' అను బోర్డు ఆంగ్లపు నిషేధమునకు అనువాదము. అందలి 'త్రాగు' అను రూపము గ్రాంథికము. 'రాదు' అను నిషేధమును గ్రాంథికమే. పాలమూరు ప్రయాణికుడు బిడ్డను వారించునపుడు 'తాగొద్దు' అనునే గాని 'త్రాగరాదు' అనడు. ఈ బోర్డు అర్థమగును గనుక దానిని మేము తప్పుపట్టము. 'ప్రవేశము లేదు' అనునది అట్టిది కాదు. ఆంగ్లమున నిషేధార్థమున వాడు చిన్నమాటను 'లేదు'గా మార్చగా, ఇచట లోనికి పోవు త్రోవయే లేదను అర్థము వచ్చినది. 'లోపలికి రావద్దు' అన్న మాట తెలుగున లేకపోలేదు. అనువాదకుని కన్ను ఆంగ్లపదముల లెక్కపై నుండుటచే అది తట్టలేదు.

'ఇల్లు కిరాయికి ఇవ్వబడును' అను బోర్డును నిదానముగా చూడవలెను. కోస్తాలో ఈ బోర్డున 'అద్దె' యుండును; ఇచట ఉర్దూనుండి వచ్చిన 'కిరాయి' యున్నది. 'ఇవ్వబడును' అను కర్మణిప్రయోగము ఆంగ్లరచనాచ్ఛాయ. తెలుగు ఇంటివాడు నోట 'కిరాయికిస్త' అనును, ఇచ్చువాడెవ్వడో దాచడు. 'ఇవ్వబడును' నందలి 'ఉను' ప్రత్యయము గ్రాంథికము. ఇల్లు మాత్రము అచ్చతెలుగు. మూడు మాటల బోర్డులో ఈ ప్రాంతపు భాషాచరిత్ర నాలుగు పొరలుగా పేర్చబడియున్నది. ఇటీవల దీనికి బదులుగా 'టులెట్' అని తెలుగులిపిలోనే వ్రాయుచున్నారు. అది చదివి అర్థము చేసికొనుటకు ఆంగ్లము రానక్కరలేదు, బోర్డు ఎచ్చట వ్రేలాడునో తెలిసియున్న చాలును.

1966లో తెలుగు అధికారభాష చట్టము వచ్చిన తరువాత కార్యాలయపత్రముల అనువాదము పెరిగినది. 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' వంటి వాక్యములు ఆ కాలపు పంట. వాని మాట విస్తరింపము. రైతునకు ప్రాణప్రదమైన యొక పత్రమును మాత్రము పేర్కొనవలెను. 1971 నాటి చట్టమున పేర్కొనబడిన 'పట్టాదారు పాసుపుస్తకము' అను మాటలో 'పట్టా' సంస్కృతమూలము, 'దారు' పారసీకము, 'పాసు' ఆంగ్లము, 'పుస్తకము' సంస్కృతము. భాషాశుద్ధిని కోరువారు దీనిని చూచి బెదరవచ్చును. కాని నిరక్షరాస్యుడైన రైతుకూడ దీని అర్థమున తడబడడు. తన భూమి ఆ పుస్తకమున నున్నదో లేదో అతనికి తెలిసియుండవలెను గనుక తడబడుట అతనికి చెల్లదు. 'మండల రెవిన్యూ అధికారి'ని తోసివేసిన జనమే ఈ మిశ్రసమాసమును యథాతథముగా స్వీకరించినది. 'పాసుపుస్తకము' సగము అనువాదమై, సగము మూలముగా నిలిచి, వస్తువును చూపినది. మొదటిది వస్తువును వర్ణించినది. రైలుబండి, బోరుబావి ఈ జాతివే.

బోరు మాట వచ్చినది గనుక చెప్పెదము. కృష్ణ ప్రక్కనే ప్రవహించుచున్నను మెట్టనేలలైన ఈ జిల్లాల సేద్యము చాలవరకు బావులపైనను, పిమ్మట బోర్లపైనను ఆధారపడినది. భూమిని తొలుచుట అను క్రియను తెలుపు ఆంగ్లపదము ఇచట రెండు వస్తువులకు పేరైనది. మోటరుతో నీరు తోడునది 'బోరు'. చేతితో కొట్టి నీరు తోడునది 'బోరింగు'. ఆంగ్లమున ఈ భేదము లేదు. పల్లె తన యవసరమునకై కల్పించుకొన్నది. దీనిని 'చేతిపంపు' అని దిద్దు ఉపాధ్యాయుడు ఒక ఆంగ్లపదమును తొలగించి మరియొక ఆంగ్లపదమును తెచ్చిపెట్టుచున్నాడు. వలసపోవు కూలీల మాటలలోను ఇట్టి కల్పనలు కలవు. దేశమున ఆనకట్టలు, భవనములు కట్టుటకు వెళ్ళిన ఈ జిల్లావారిని అంతటను 'పాలమూరు లేబరు' అనిరి. వారిని కూర్చి తీసికొనిపోవువాడు 'గుంపు మేస్త్రీ'. మేస్త్రీ పోర్చుగీసు పదము, గుంపు తెలుగు. 'లేబరు' అను మాట ఆంగ్లమున శ్రమకు పేరు. ఈ సమాసమున అది ఒక జిల్లా మనుష్యులకు పేరైనది. ఈ అర్థమును ఏ ఆంగ్లనిఘంటువునను వెదకి ప్రయోజనము లేదు, తెలుగునిఘంటువు చెప్పవలెను.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము ఏ జిల్లాలో ఏ మాట వాడుదురో ఆ జిల్లా పేరుతో నమోదుచేయు మార్గము చూపినది. ఆ మార్గమునే అన్యదేశ్యములకును పట్టించిన మేలు. 'గిలాస' పక్కన 'గ్లాసునకు గ్రామ్యరూపము' అని వ్రాయుట చాలదు. 'ఉర్దూ ద్వారా వచ్చిన ఆంగ్లపదము, తెలంగాణము' అని వ్రాయవలెను. జవాబుపత్రము దిద్దువారు ప్రబంధపాఠములలో ఎట్లున్నను, లేఖలు, సంభాషణలు, స్వీయరచనల యందు ఇట్టి రూపములకు మార్కులు తగ్గింపరాదని మా అభిప్రాయము. పరీక్షలో కొట్టివేసిన మాటను బాలుడు ఇంటిలోను పలుకుటకు సిగ్గుపడును. అట్లు సిగ్గుపడి విడిచిన మాటలను పరిశోధకుడు పిమ్మట ఎచ్చట సేకరించును?

పైన చూచినవన్నియు ఆంగ్లపదములు తెలుగులోనికి వచ్చుట. తెలుగుపేర్లు ఉర్దూ మీదుగా ఆంగ్లమునకు పోయి, అచటినుండి రూపు మారి మరల తెలుగునకు వచ్చుట కూడ ఈ జిల్లాలలోనే స్పష్టముగా కనబడును. ఉర్దూలిపిలో హ్రస్వాచ్చులను సామాన్యముగా వ్రాయరు. 'నల్లగొండ'ను ఆ లిపిలో వ్రాయగా లకారము మీది అకారము జారిపోయినది, ద్విత్వమును మరుగుపడినది. ఆంగ్లమున 'నల్గొండ' అయినది. ఆ ఆంగ్లఫలకమును చూచి తెలుగువారే తిరిగి 'నల్గొండ' అని వ్రాయుచున్నారు. మిర్యాలగూడ 'మిర్యాల్గూడ' యగుట, వనపర్తి 'వన్‌పర్తి' యగుట ఈ త్రోవనే. భువనగిరి అన్నిటికంటె ఎక్కువ నలిగి 'భోంగీర్' అయినది. 2016లో ఏర్పడిన జిల్లాపేరున మాత్రము పూర్వరూపము కనబడుచున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేర వెలసిన మహబూబునగరమునకు ఆంగ్లమున ఒకటికి మించిన వర్ణక్రమములు కలవు. తెలుగునను మహబూబునగరము, మహబూబ్‌నగర్ అని రెండు వ్రాతలు. పాలమూరు అనువారికి ఈ చిక్కు లేదు.

నల్లగొండ పేరునకు మరియొక ప్రయాణము కూడ పట్టినది. ఆ జిల్లా పల్లెలలో భూగర్భజలమందు ఫ్లోరైడు మితిమీరి ఎముకలు వంగిన జనులను తరములుగా చూచుచున్నాము. ఈ వ్యాధికారకమునకు తెలుగుపేరు కల్పింపవలెనని జనులెవ్వరును కోరలేదు. 'ఫ్లోరిన్ నీళ్ళు' అని తామే పేరుపెట్టుకొనిరి. రసాయనశాస్త్రము ప్రకారము ఫ్లోరిను వేరు, ఫ్లోరైడు వేరు. కావున విజ్ఞానపాఠమున ఈ భేదమును బోధింపవలసినదే. కాని దరఖాస్తులో 'ఫ్లోరిన్ నీళ్ళు' అని వ్రాసిన గ్రామస్థుని మాటను దిద్దనక్కరలేదు, ఆ నీటిని దిద్దిన చాలును. నాగపురములోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థవారు 1970 దశకమున పటిక, సున్నములను కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతిని రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టిరి. ఆఫ్రికాలోని టాంజానియా వంటి దేశముల ఇంజనీర్లును ఆ పేరు ఎరుగుదురు. వారు వ్రాయునది 'నల్గొండ' అనియే. లకారము మీది అకారము వారివరకు చేరలేదు.